కౌంటు

పొద్దున్న ఐదున్నరకే ఫోను మూలుగుతుంది.
ముప్పై కౌంటు నాలుగొందల అరవై,
నలభై మూడొందల ఎనభై,
వంద కౌంటు రెండొందల నలభై, ఆ కిందవి మాటాడుకుందాం.
ఆకివీడు నుంచి కాళ్ళ దాకా
చెరువుగట్టు మీద పళ్ళు తోముకుంటున్న ప్రతివాడికీ
రొయ్య ఇవాళెంత పలుకుతుందో తెలుసు.

నేనెంత పలుకుతానో
నాకూ, అకౌంట్సు మూర్తిగారికీ తప్ప తెలీదు.
ఇంట్లో కూడా రెండువేలు కలిపే చెప్పాను.

పద్నాలుగు వేల ఐదొందలు.
ఇదిగో, అనేశాను. నాలుగేళ్ళు పట్టింది.

ప్లాంటులో నాది ల్యాబు.
ఐసులోంచి తీసిన రొయ్యని నలిపి, ప్లేటులో పోసి,
రెండోనాటికి మొలిచే చుక్కల్ని లెక్కపెట్టడం.
చుక్కలెక్కువైతే కంటైనరు కదలదు.
ఒకసారి నేనే ఆపాను.
ఆ రాత్రి ఓనరుగారు లారీ పక్కన నిలబడి
"ఈ పిల్ల లేకపోతే మునిగిపోయేవాళ్ళం" అన్నారట.
అన్నారటలకి ఇంక్రిమెంటు ఉండదు.

నైటు షిఫ్టులో, ప్లేట్లు వెచ్చగా పొదుగుతుంటే
నా పని పేరు కొట్టి వెతికాను.
విశాఖపట్నం: పద్దెనిమిది నుంచి ముప్పై ఒకటి.
మధ్యలో గీత ఇరవై రెండు వేల నాలుగొందల దగ్గర.
ముప్పై ఏడుగురు చెప్పారట.
ముఖాల్లేని ముప్పై ఏడుగురు
నా పక్కన స్టూళ్ళు లాక్కుని కూర్చున్నట్టయింది.
తర్వాత ఆకివీడు కొట్టాను.
చూపించడానికి తగినంత మంది లేరు, అంది.
ఇంతమందిమి ఉన్నాం కదండీ, అన్నాను,
పైకే, స్క్రీనుతో.

గోపాలరాజుగారు కళ్ళజోడు నుదుటికెక్కించారు.
"విశాఖ లెక్కలు విశాఖలో చెల్లుతాయమ్మా.
అక్కడ అద్దెలు వేరు. అయినా ఆ నెట్టులో
ఎవడేది రాస్తే అది."
"మొన్న యండగండి రైతు నెల్లూరు రేటు ఫోన్లో చూపిస్తే
మీరు ఫోను అబద్ధమనలేదండి.
పది రూపాయలు తగ్గించి అడిగారు.
నన్నూ అలాగే అడగండి."
"రొయ్యతో పోల్చుకుంటావేంటమ్మా?"
"ఆయ్, దానికైతే రేటుందండి."

ఏసీ ఒక్కటే మాట్లాడింది కాసేపు.
ఆయన చీటీ మీద ఏదో రాసి నావైపు తిప్పారు.
పదిహేడు.
ఇరవై రెండు అని అద్దం ముందు వారం రోజులు అనుకున్న నోరు
"సరేనండి" అనేసింది.
"ఎవరితోనూ అనకు" అన్నారు, చీటీ చింపుతూ.

గ్రేడింగు బల్ల దగ్గర సువార్త.
చేతిలోకి తీసుకుంటే చాలు, కౌంటు చెప్పేస్తుంది.
కాటా తర్వాతెప్పుడో ఒప్పుకుంటుంది.
కొత్తలో నాకు రంగు చూడ్డం, వాసన పట్టడం నేర్పింది తనే.
"లోపలికెళ్ళావంట. ఎంతకి తెగింది?"
ఎవరితోనూ అనకు అన్నమాట
గొంతులో చేపముల్లులా అడ్డం పడింది.
మింగాను. చెప్పాను.
రెండు రొయ్యలు ఆ ట్రేలోంచి ఈ ట్రేలోకి విసిరింది.
"నాకు పదకొండు."
"పదకొండేళ్ళయిందా అప్పుడే?"
"ఏళ్ళూ అంతే. వేలూ అంతే."

రాత్రి షేరాటో ఉప్పుటేరు వంతెనెక్కుతుంటే
నా అంకె ఎక్కించాను. ఊరు, అనుభవం, పదిహేడు.
"నాదీ కొట్టు" అని, మళ్ళీ, "కాదు, ఇటియ్యి" అంది.
క్లోరిన్ తిన్న వేళ్ళని ఫోను గుర్తుపట్టలేదు.
కొంగుకి తుడిచి నొక్కింది. ఊహూఁ.
వేలు మడిచి, కణుపుతో, తలుపు తట్టినట్టు తట్టింది.
ఒకటి. ఒకటి. మూడు సున్నాలు.
గ్రేడరు అనే పని ఆ పట్టికలో లేదు.
ఇతరములు అని ఉంది.
"ఇతరములేంటే" అని నవ్వింది, తర్వాత నవ్వలేదు.

ఇంకో ముగ్గురు చెబితే
ఈ ఊరు కనబడుతుందట.

ఆటోలో ఇంకా నలుగురున్నారు, అందరం ఒకే ప్లాంటు,
తడి గౌన్ల సంచులు ఒళ్ళో పెట్టుకుని
చీకట్లోకి చూస్తున్నారు.
సువార్త మెడ వెనక్కి తిప్పింది.
"ఏమే నూకరత్నం,
నీకెంతిస్తన్నారే?"